ఘోరం చూసొచ్చిన మనిషి కోలుకోవాలంటే ఇంట్లోవాళ్లు ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

హైవే మీద యాక్సిడెంట్‌లో పక్కనున్న మనిషి పోయి తను మాత్రం గీతలతో బయటపడినవాళ్లు, వేటకెళ్లి తుపానులో చిక్కుకుని ఎట్లాగో ఒడ్డుకు చేరినవాళ్లు, చీమకుర్తి క్వారీలో కళ్ల ముందే తోటి కూలీ మీద రాయి పడటం చూసినవాళ్లు, కట్టుకున్నవాడి చేతిలో ఏళ్ల తరబడి దెబ్బలు తిన్నవాళ్లు... మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటివాళ్లు మీ చుట్టాల్లోనో మీ వీధిలోనో ఉండే ఉంటారు. కాలు విరిగితే కట్టు కట్టించడానికి ఎంత దూరమైనా తీసుకెళ్తాం. అదే మనిషి రాత్రిళ్లు కేకలేస్తూ లేస్తుంటే మాత్రం "ఏందబ్బాయ్, అయిపోయిందిగా, ఇంకా దాన్నే తలుచుకుంటా కూచుంటే ఎట్లా" అంటాం. ప్రేమతోనే అంటాం, కానీ మర్చిపొమ్మని చెబితే మర్చిపోయే సంగతి కాదది. అట్లాగని ఎదురుగా కూర్చోబెట్టి జరిగిందంతా కక్కించినా లాభం లేదు. ముందు మనిషికి ఇక భయం లేదనే ధైర్యం రావాలి, తర్వాత నిద్రా తిండీ దారిలో పడాలి, ఆ తర్వాతే శిక్షణ ఉన్నవాళ్ల సాయంతో ఆ జ్ఞాపకం దగ్గరికి కొంచెం కొంచెంగా వెళ్లాలి. ఈ వరుస తప్పితే చేసిన మంచి కూడా చెడుగా మారే ప్రమాదం ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాదు. మా బాబాయి టంగుటూరు టోల్‌గేట్ దాటాక జరిగిన యాక్సిడెంట్ తర్వాత కోలుకోవడం పక్కనే ఉండి చూసినదాన్ని. అప్పటి నుంచి దీని గురించి చదివీ, వైద్యం చేసేవాళ్లను అడిగీ తెలుసుకున్నవి ఇవి.

మొదటి వారం: అడగొద్దు, ఆపొద్దు

మొదటి రోజుల్లో ఆ మనిషికి కావాల్సినవి చాలా మామూలు విషయాలు. వేడి అన్నం, మంచినీళ్లు, పడుకోవడానికి చోటు, తనవాళ్లెవరైనా పక్కన ఉండటం, పోలీస్ స్టేషన్ పనీ ఆసుపత్రి కాగితాల పనీ వేరే ఎవరైనా చూసుకోవడం. వరద బాధితులకైనా యాక్సిడెంట్ బాధితులకైనా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మానసిక ప్రథమ చికిత్స కూడా ఇంతే: ఏం అవసరమో చూడటం, చెప్పింది వినడం, అవసరమైన సాయంతో కలపడం.

మన ఊళ్లలో పెద్ద ఇబ్బంది పలకరింపులకు వచ్చేవాళ్లతో. వచ్చిన ప్రతి చుట్టమూ "ఎట్లా జరిగింది, పూసగుచ్చినట్టు చెప్పు" అంటారు, ఆ మనిషి ఒకే రోజు పదిమందికి అదే ఘోరాన్ని మళ్లీ మళ్లీ చెప్పుకోవాల్సి వస్తుంది. ఇంట్లో ఒకళ్లు ఆ బాధ్యత తీసుకోండి, గుమ్మం దగ్గరే క్లుప్తంగా మీరే చెప్పేసి, లోపలికి వెళ్లాక దాని గురించి అడగొద్దని మర్యాదగానే చెప్పండి. ఎవరూ ఏమీ అనుకోరు, అనుకున్నా ఫర్వాలేదు. ఘటన జరిగిన వెంటనే ఒక్కసారి కూర్చోబెట్టి మొత్తం చెప్పించేస్తే మంచిదని ఒకప్పుడు నిపుణులే అనుకునేవారు. పరిశీలించి చూస్తే దానివల్ల మేలు జరగలేదని, కొందరికి ఇంకా ఎక్కువైందని తేలింది, ఇప్పుడు ఎవరూ దాన్ని సిఫార్సు చేయడం లేదు. వాళ్లంతట వాళ్లు చెప్పుకొస్తే మాత్రం మధ్యలో ఆపకుండా, సలహా ఇవ్వకుండా వినండి. "ఊరుకో, ఊరుకో" అనొద్దు. ఏడుస్తుంటే ఏడవనివ్వండి.

యాక్సిడెంట్ సీసీ కెమెరా వీడియో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటే ఆ మనిషి కంట పడకుండా చూడండి, టీవీలో అదే దృశ్యం పదే పదే వేస్తుంటే ఆపేయండి. దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టిస్తామనో, దిష్టి తీస్తామనో పెద్దవాళ్లు అంటే గొడవ పడకండి, నమ్మకం ఉన్నవాళ్లకు అందులో ఊరట ఉంటుంది. కొట్టడం, పస్తు పెట్టడం, కట్టేయడం లాంటివి ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. తాయెత్తు కట్టించాం కదా అని డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానొద్దు.

నెల రోజులు ఏం గమనించాలి

మొదటి కొన్ని వారాల్లో పీడకలలు రావడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, ముద్ద దిగకపోవడం, ఊరికే కోపం రావడం... ఇవన్నీ పిచ్చికి గుర్తులు కావు, అంత దెబ్బ తిన్నాక ఎవరికైనా ఉండేవే. చాలామందికి మనవాళ్ల అండతో ఇవి వాటంతటవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గకుండా, పనికీ సంసారానికీ అడ్డం పడుతుంటే అప్పుడు దాన్ని పీటీఎస్‌డీ అంటారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల జాబితాలో ఈ పేరు చేర్చింది.

నాలుగు రకాల మార్పులు చూడండి. జరిగింది మళ్లీ ఇప్పుడే జరుగుతున్నట్టు కళ్ల ముందుకు రావడం ఒకటి. ఆ చోటు, ఆ మనుషులు, ఆ మాట అన్నిటినీ తప్పించుకు తిరగడం రెండు. "నా వల్లే జరిగింది", "ఎవర్నీ నమ్మకూడదు" లాంటి ఆలోచనలు గట్టిపడి, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోకపోవడం మూడు. ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఒళ్లంతా బిగబట్టుకుని ఉండటం, నిద్ర పట్టకపోవడం, చిరాకు నాలుగు. వీటిలో రెండోది ఇంట్లోవాళ్ల కంట్లో తొందరగా పడదు. బాబాయి ఒంగోలు వెళ్లాల్సిన ప్రతి పనికీ ఏదో ఒక సాకు చెప్పేవాడు, ఎండ ఎక్కువనో, రేపు చూద్దామనో. బద్ధకం అనుకుంటారు చూసేవాళ్లు. నిజానికి తప్పించుకున్న ప్రతిసారీ కాసేపు హాయిగా ఉంటుంది, ఆ హాయి వల్లే భయం ఇంకా వేళ్లూనుకుంటుంది. తర్వాత చెప్పబోయే వైద్యమంతా ఈ ముడి విప్పడానికే.

ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఉంటే నెల ఆగొద్దు. దాని సంగతి కింద విడిగా రాశాను.

పగటిపూట అది కమ్ముకొచ్చినప్పుడు

లారీ ఎయిర్‌హారన్ వినపడగానే, డీజిల్ వాసన రాగానే, ఈదురుగాలికి రేకుల షెడ్డు కొట్టుకోగానే ఆ మనిషి కళ్లు ఎక్కడో నిలిచిపోతాయి, చెమటలు, గుండె దడ, కొందరికి నోట మాట రాదు. ఆ క్షణంలో అతనికి సంబంధించినంత వరకూ అది పాత సంగతి కాదు, ఇప్పుడే జరుగుతోంది. మీరు చేయాల్సింది అతన్ని ఇవాళ్టికీ ఇక్కడికీ తీసుకురావడం.

హఠాత్తుగా పట్టుకోవద్దు, భుజం కుదపొద్దు. ఎదురుగా అతనికి కనపడేట్టు కూర్చుని, పేరుపెట్టో వరుసపెట్టో పిలిచి, నెమ్మదైన గొంతుతో చెప్పండి: "బాబాయ్, నేను. మనం మనింటి వరండాలో ఉన్నాం. ఇవాళ ఆదివారం. నీకేం కాలేదు." కళ్లు మూసుకోమని చెప్పొద్దు, తెరిచి ఉంచమనండి. తర్వాత చుట్టూ కనిపించే 5 వస్తువుల పేర్లు చెప్పించండి: దండెం మీద తుండుగుడ్డ, వేపచెట్టు, బిందె, చెప్పులు, క్యాలెండర్. చేతికి తగిలేవి 4: నులకమంచం తాళ్లు, కింద చల్లటి బండ, చొక్కా గుండీ, తన మోకాలు. వినపడేవి 3, వాసన తెలిసేవి 2, నోటికి రుచి తెలిసేది 1, దానికి ఒక గుక్క మజ్జిగ ఇవ్వండి చాలు. శ్వాస విషయంలో గట్టిగా పీల్చమని అనొద్దు, దానివల్ల కొందరికి తల తిరిగి భయం ఇంకా పెరుగుతుంది. మామూలుగా పీల్చి, వదిలేటప్పుడు మాత్రం మెల్లగా ఎక్కువసేపు వదలమనండి, 4 లెక్కపెడుతూ పీలిస్తే 6 లెక్కపెడుతూ వదలడం. ఇది బాగున్నప్పుడే రోజూ కాసేపు చేయించి అలవాటు చేస్తేనే అవసరం వచ్చినప్పుడు గుర్తొస్తుంది.

రాత్రి సంగతి

కంటిమీద కునుకు లేనప్పుడు మందుల షాపుకెళ్లి నిద్రమాత్రలు తెచ్చుకోవడం, క్వార్టర్ వేసుకుని పడుకోవడం మన దగ్గర చాలా మామూలైపోయింది. రెండూ వద్దు. మందు తాగితే నిద్ర ముందు పట్టినట్టే ఉండి అర్ధరాత్రి చెదిరిపోతుంది. ఆల్ప్రాజోలం రకం మాత్రలు అలవాటుగా మారతాయి, మనసు తనంతట తను సర్దుకోవడానికి అడ్డం పడతాయి. ఘోరం జరిగిన మొదటి నెలలో ఆ దెబ్బ తాలూకు లక్షణాలకు ఈ రకం మాత్రలు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. ఇప్పటికే చాలాకాలంగా వేసుకుంటుంటే మాత్రం ఒక్కసారిగా ఆపకండి, డాక్టర్‌కు చెప్పి మెల్లగా తగ్గించుకోండి.

ఒకే పీడకల పదే పదే వస్తుంటే పగటిపూట చేసే పని ఒకటుంది. ఆ కలను కాగితం మీద రాసి, దాని నడకనో ముగింపునో తనకిష్టం వచ్చినట్టు మార్చి రాయాలి. నీళ్లలో మునిగిపోయే కల అయితే పక్కనుంచి ఇంకో పడవ వచ్చి తాడు విసరడం, ఒడ్డున అమ్మ నిలబడి ఉండటం, ఏదైనా సరే. మార్చిన కలను రోజూ 10, 20 నిమిషాలు మనసులో చూసుకోవాలి. చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుంది కానీ దీనిమీద పరిశోధన జరిగింది, చాలామందికి కలలు తగ్గాయి. భయంకరమైన కలతో ఒంటరిగా మొదలుపెట్టకుండా వైద్యుడికి చెప్పి చేస్తే మంచిది.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

ఖర్చుకు జంకుతుంటే ముందు 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. నేరుగా మనిషిని చూపించాలంటే నెల్లూరులో ప్రభుత్వ సర్వజనాసుపత్రి, ఒంగోలులో రిమ్స్ ఉన్నాయి, రెండూ మెడికల్ కాలేజీ ఆసుపత్రులే కాబట్టి మానసిక వైద్య విభాగం ఉంటుంది. ఓపీ రోజులు ముందే కనుక్కుని వెళ్లండి. ఉదయగిరి, కనిగిరి వైపు నుంచి ఒక పూటంతా బస్సులో కూర్చుని వచ్చేవాళ్లకు ఆ ఒక్క ఎంక్వైరీ ఎంతో కలిసొస్తుంది.

ప్రైవేటులో అయితే బోర్డు చూసి మోసపోకండి. కౌన్సెలర్ అని ఎవరైనా రాసుకోవచ్చు. మందులు రాసేది సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్. మాటలతో వైద్యం చేసే క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరు అడగడంలో తప్పేమీ లేదు. ఇంకో ప్రశ్న కూడా అడగండి: "ఇలాంటి ఘోరాలు చూసినవాళ్లకు మీరు ఏ పద్ధతిలో చేస్తారు, సుమారు ఎన్నిసార్లు రావాలి?" దీనికి సూటిగా జవాబు చెప్పలేనివాళ్ల దగ్గర, మొదటి రోజే "మొత్తం చెప్పెయ్" అనేవాళ్ల దగ్గర, వినకుండానే మాత్రల చీటీ చేతిలో పెట్టేవాళ్ల దగ్గర ఆగిపోకండి, వేరేవాళ్లను చూడండి.

వెళ్లేముందు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి: ఎప్పుడు జరిగింది, ఇప్పుడు ఏం బాధ పెడుతోంది, నిద్ర ఎట్లా ఉంది, ఏ మందులు వాడుతున్నారు. గది లోపల ఆ మనిషి ఏకాంతంగా మాట్లాడాలనుకుంటే మీరు బయట కూర్చోండి, బయటికొచ్చాక ఏం చెప్పావని గుచ్చి గుచ్చి అడగొద్దు.

లోపల ఏం జరుగుతుంది

ఇది తెలియకే చాలామంది రెండోసారి వెళ్లరు. రెండు మూడుసార్లు వెళ్లగానే బాధ కాస్త పెరిగినట్టు అనిపించొచ్చు, ఎందుకంటే ఇన్నాళ్లూ మూసిపెట్టినదాన్ని తెరుస్తున్నారు. పుండు కడిగేటప్పుడు మండినట్టే ఇదీ. ఆ మంటకు భయపడి మధ్యలో మానేస్తే నష్టం, భరించలేనంత ఉంటే ఆ మాట వైద్యుడికే చెప్పండి, వేగం తగ్గిస్తారు.

గట్టి ఆధారాలున్న పద్ధతులు మూడు నాలుగు ఉన్నాయి. ఒకదానిలో జరిగినదాన్ని కళ్లు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు, మొదటి నుంచి చివరిదాకా చెప్పిస్తారు, దాన్ని రికార్డు చేసి ఇంటి దగ్గర రోజూ వినమంటారు, దాంతోపాటు తప్పించుకు తిరుగుతున్న చోట్లకు మెట్టుమెట్టుగా వెళ్లమంటారు. అమెరికాలో ఎడ్నా ఫోవా అనే సైకాలజిస్టు తీర్చిదిద్దిన పద్ధతి ఇది, సాధారణంగా 8 నుంచి 15 సార్లు, ఒక్కోసారి గంటన్నర. పగటిపూట అది కమ్ముకొచ్చినప్పుడు కళ్లు మూసుకోవద్దని చెప్పి ఇక్కడ మూసుకోమంటారేంటని అనుకోకండి, అక్కడ పక్కన ఆ పని తెలిసిన మనిషి ఉంటారు, మన వరండాలో ఉండరు. పది పదిహేనుసార్లు చెప్పాక అదే కథ వణుకు లేకుండా చెప్పగలుగుతారు, అది "జరిగిపోయింది" అన్న లెక్కలోకి వస్తుంది.

రెండో పద్ధతిలో ఆలోచనల మీద పని చేస్తారు, మామూలుగా 12 సార్లు. "నేను ఆ రోజు బండి తీయకపోతే వాడు బతికేవాడు" అని మనసులో పెట్టుకుని కుమిలిపోయేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. "నీ తప్పేం లేదులే" అని మనం వందసార్లు అన్నా దిగని మాట, ఆ మనిషే కాగితం మీద ఒక్కో ప్రశ్నకూ జవాబు రాసుకుంటూ వెళ్తే దిగుతుంది: ఆ క్షణంలో నాకు ఏం తెలుసు? ఏం చేయడానికి ఎన్ని సెకన్లు ఉన్నాయి? ఎదురు దారిలో వచ్చిన లారీ తప్పు ఎంత? బాబాయికి చేసింది ముఖ్యంగా ఇదే.

ఈఎండీఆర్ అని ఇంకోటి ఉంది. 1987లో ఫ్రాన్సిన్ షపీరో మొదలుపెట్టారు. ఆ దృశ్యాన్ని మనసులో ఉంచుకుని, వైద్యుడు అటూ ఇటూ కదిపే వేళ్లను కళ్లతో అనుసరించాలి. చూసేవాళ్లకు వింతగా ఉంటుంది, అది ఎందుకు పని చేస్తుందన్న దానిమీద నిపుణుల్లో ఇంకా వాదన ఉంది, పని చేస్తుందన్న దానికి మాత్రం మంచి ఆధారాలున్నాయి. అంతా నోటితో చెప్పుకోలేనివాళ్లకు ఇది తేలిక.

ఒకటి కాదు, బతుకంతా దెబ్బ మీద దెబ్బ తిన్నవాళ్లకు వాడే పద్ధతి నాకు చాలా నచ్చింది. నేల మీద ఒక తాడు పరుస్తారు, ఒక కొస పుట్టుక, చుట్టగా మిగిలిన రెండో కొస ఇంకా రాబోయే కాలం. పుట్టినప్పటి నుంచీ ఒక్కో ఘటనకూ ఆ మనిషే తన చేత్తో తాడు పక్కన పెట్టాలి, చెడు జరిగిన చోట రాయి, మంచి జరిగిన చోట పువ్వు. పెద్ద రాయి, చిన్న రాయి, మల్లె, బంతి. తండ్రి పోయిన రాయి పక్కనే చెల్లెలు పుట్టిన పువ్వు కనపడుతుంది. ఆ తర్వాత వారానికి ఒకటో రెండో రాళ్ల చొప్పున కథ చెప్పించి, వైద్యుడు దాన్ని రాసి, తర్వాతిసారి చదివి వినిపిస్తారు. యుద్ధాల నుంచి పారిపోయి వచ్చిన శరణార్థుల కోసం తయారైన పద్ధతి ఇది.

మందుల గురించి క్లుప్తంగా. సెర్ట్రలిన్ లాంటివి రాస్తారు, అవి నిద్రమాత్రలు కావు, పని చేయడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, మొదట్లో కాస్త వికారం ఉండొచ్చు, బాగైంది కదా అని మనంతట మనం ఆపకూడదు.

ఇంటి దగ్గర మెట్లు ఎక్కించడం

వైద్యుడు మెట్ల జాబితా రాసిస్తే అమలు చేసేది ఇంట్లోవాళ్లే, అందుకే బాబాయి జాబితా ఎట్లా ఉండిందో చెప్తాను. భయానికి 0 నుంచి 100 దాకా మార్కులు. వాకిట్లో స్టాండు వేసిన బండి మీద ఊరికే కూర్చోవడం 20. ఊళ్లో రామాలయం దాకా నడపడం 35. హైవే పక్కన టీ కొట్టు దగ్గర కూర్చుని లారీలు చూడటం 50. ఒంగోలు బస్సులో కిటికీ పక్క సీటు 65. నా బండి వెనక కూర్చుని సర్వీసు రోడ్డు మీద వెళ్లడం 75. తనే నడుపుతూ ఆ చోటు దాటడం 100.

ప్రతి మెట్టు దగ్గరా ఒకటే సూత్రం: భయం మొదలైన మార్కుల్లో సగానికి తగ్గేదాకా అక్కడే ఉండాలి. టీ కొట్టు దగ్గర మొదటిరోజు గ్లాసు పట్టుకున్న చెయ్యి వణికి టీ ఒలికింది, "పోదాం పదమ్మా" అన్నాడు, ఇంకో పది నిమిషాలు చూద్దామని అక్కడే కూర్చున్నాం. లారీల నంబరు ప్లేట్లు చదువుతూ కూర్చున్నాడు. కాసేపటికి భయం ఇప్పుడు ఎన్ని మార్కులని అడిగితే ఇరవై ఐదు అన్నాడు. భయం ఇంకా ఎక్కువగా ఉండగానే లేచొస్తే తప్పించుకోవడమే గెలిచినట్టవుతుంది. అదే మెట్టు మళ్లీ మళ్లీ ఎక్కాలి, విసుగొచ్చేదాకా. తొందరపెట్టి రెండు మెట్లు ఒకేసారి ఎక్కించొద్దు, ఎప్పుడు పైమెట్టుకు వెళ్లాలో ఆ మనిషే చెప్పాలి. నిజంగా ప్రమాదం ఉన్నదాన్ని మెట్టుగా పెట్టకూడదు, హెల్మెట్ లేకుండా నడపడం, అలల హెచ్చరిక ఉన్నరోజు పడవ తీయడం ధైర్యం కిందికి రావు. కొట్టిన మనిషి దగ్గరికి వెళ్లడం అసలే రాదు.

భయం ఇంకా ఇంట్లోనే ఉంటే

కొట్టేవాడు అదే ఇంట్లో ఉంటే పైన చెప్పిన వైద్యం తర్వాతి సంగతి. ముందు ఆ మనిషి సురక్షితంగా ఉండాలి. ఆడవాళ్లకు 181, అత్యవసరమైతే 112, జిల్లాల్లో సఖి వన్‌స్టాప్ కేంద్రాల్లో తాత్కాలిక వసతి, న్యాయ సాయం, కౌన్సెలింగ్ ఒకేచోట దొరుకుతాయి. "సర్దుకుపో" అని వెనక్కి పంపొద్దు.

పిల్లలు మాటల్లో చెప్పలేరు. మళ్లీ పక్క తడపడం, అమ్మ కొంగు వదలకపోవడం, ఆటల్లో అదే ఘోరాన్ని మళ్లీ మళ్లీ ఆడటం, చదువులో ఒక్కసారిగా వెనకబడటం చూస్తే తీసుకెళ్లండి. పిల్లల సాయానికి 1098. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయాల్సిందే, పరువు పేరుతో దాచడం నేరం.

చచ్చిపోవాలనిపిస్తోందా అని అడగండి

ఈ మాట నోటితో అంటే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు, అట్లా జరగదు. సూటిగా, ప్రేమగా అడగండి. అవునంటే ఒంటరిగా వదలొద్దు, 14416కి చేయండి, అప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే 108. మన ఇళ్లలో పురుగుమందు డబ్బాలు గొడ్లపాకలోనో మెట్ల కిందో ఉంటాయి, వాటిని ఆ రోజే తీసి వేరే ఇంట్లో తాళం వేసి పెట్టండి, దీనివల్ల ప్రాణాలు నిలబడతాయి. కేసవుతుందని భయపడి ఆసుపత్రికి తీసుకెళ్లనివాళ్లు ఇంకా ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు.

ఆ రోజులు మళ్లీ వచ్చినప్పుడు

బాగైన మనిషికి కూడా ఏడాది తిరిగి అదే తేదీ దగ్గరపడుతుంటే నిద్ర చెదురుతుంది. 2004 డిసెంబరు 26 సునామీ చూసిన తీరప్రాంతాల్లో, 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయిన వరదను చూసిన కోవూరు వైపు ఊళ్లలో కార్తీకం వచ్చి వాయుగుండం అనే మాట వినపడితే చాలు, కొందరికి గుండె జారిపోతుంది. జబ్బు తిరగబెట్టిందని కంగారు పడకండి. ఆ వారానికి ముందే ప్లాన్ వేసుకోండి: ఆ రాత్రి ఇంట్లో ఎవరు ఉంటారు, కాగితాలూ మందులూ ఏ సంచిలో ఉన్నాయి, హెచ్చరిక వస్తే ఏ బడికి వెళ్తాం, వాతావరణ వార్త రోజుకు ఎన్నిసార్లు చూస్తాం. పోయినవాళ్లు ఉంటే ఆ రోజు వాళ్ల పేరున దీపం పెట్టడమో నలుగురికి అన్నం పెట్టడమో చేసుకోనివ్వండి. రెండు మూడు వారాలైనా తగ్గకపోతే పాత డాక్టర్ దగ్గరికే ఒకసారి తీసుకెళ్లండి, ఈసారి చాలాసార్లు తిరగాల్సిన పని పడకపోవచ్చు.

ఇదంతా దగ్గరుండి చూసుకునే మీకు కూడా, రోజూ ఆ కథ వినీ వినీ, అవే కలలు రావడం మొదలైతే ఆ 14416 మీకోసం కూడా ఉంది. రాత్రి కాపలా వంతులేసుకోండి, వారంలో ఒక పూటైనా అక్కకో చిన్నమ్మకో అప్పగించి బయటికి వెళ్లండి.